రెండో సగం గుర్తులేని ఆటగాడు

ఈమధ్య ఫిజియోథెరపీ డిగ్రీ, అదే బీపీటీ చదివి జర్మనీకి వస్తున్న పిల్లలు చాలామంది నాకు ఫోన్ చేస్తున్నారు. మన డిగ్రీకి ఇక్కడ గుర్తింపు ఎలా వస్తుంది, భాష ఎంతవరకు నేర్చుకోవాలి, ఏ ఊళ్ళో ఇల్లు తొందరగా దొరుకుతుంది, ఇవే అడుగుతారు. నాకు తెలిసినంత చెప్తాను. మొన్న ఒకమ్మాయి మాత్రం, "ఆంటీ, ఇన్నేళ్ళలో మీకు బాగా గుర్తుండిపోయిన పేషెంట్ ఎవరు?" అంది.

"జర్మనీకి ఆడిన ఒక ఆస్ట్రేలియా అతను" అన్నాను.

"ఫుట్‌బాలా?"

కాదన్నాను. ఆట పేరు చెప్తే తను ఎప్పుడూ వినలేదంది. అతను నా దగ్గరికి వచ్చేదాకా నేనూ వినలేదు. ఫోన్లో మొదలుపెడితే తెమిలేట్టు లేదని, మీలాంటి మిగతావాళ్ళకూ పనికొస్తుందని, అతన్ని అడిగే ఇక్కడ రాస్తున్నాను.

మాది హన్మకొండ. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. మాట్లాడమంటే ఎలాగైనా మాట్లాడతాను గానీ, కుదురుగా కూర్చుని రాయమంటే నాకు తెలుగే వస్తుంది. మా ఆయనకు ఎర్లాంగెన్‌లో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది, ఆయన వెనకాల నేను వచ్చాను. జర్మన్ నేర్చుకుని, పరీక్షలు మళ్ళీ రాసి, ఒక ఫిజియోథెరపీ సెంటర్లో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఆ సెంటర్ ఒక జర్మన్ ఆవిడది. మంచి పనిమంతురాలు, మాట కరుకు. ఆవిణ్ణి మా మేడమ్ అంటాను.

మొదటి లాక్‌డౌన్‌లో మంగలి షాపులతో సహా అన్నీ మూసేసినా మా సెంటర్ మూయలేదు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఉన్నవాళ్ళు రావచ్చన్నారు. రావచ్చన్నారు కానీ భయపడి ఎవరూ వచ్చేవారు కాదు. మాస్కులు కట్టుకుని, ఆ చలిలో కిటికీలన్నీ బార్లా తీసి, కోట్లు వేసుకుని ఖాళీ బల్లల మధ్య కూర్చునేవాళ్ళం. కరెక్టుగా ఆ రోజుల్లో అతను వచ్చాడు.

మనిషి తలుపు పట్టనంత ఉన్నాడు. కుడి భుజం కీలు జారి ఆపరేషన్ అయింది, చెయ్యి పట్టీలో వేలాడుతోంది. ఇళ్ళు మారేవాళ్ళకు సామాన్లు మోసే కంపెనీలో పని. జర్మన్ అంతంతమాత్రం. మా మేడమ్ చీటీ చూసి, "మీకు ఇంగ్లీషు వచ్చు, అతనికి అదొక్కటే వచ్చు. మీరే చూడండి" అని నా గదికి పంపింది.

దెబ్బ ఎలా తగిలిందని అడిగాను. బీరువా మోస్తూ జారిందంటాడేమో అనుకున్నాను.

"జర్మనీ టీమ్‌కి ఆడుతుంటే" అన్నాడు.

"ఏ ఆట?"

"రగ్బీ లీగ్."

రగ్బీ అంటే టీవీలో ఎప్పుడో చూశానన్నాను. అదీ ఇదీ ఒకటి కాదన్నాడు. అందులో పదిహేనుమంది, ఇందులో పదముగ్గురు. ఇద్దరూ బంతి పట్టుకునే పరిగెత్తుతారు గానీ ఒకరి ఆట చూసి ఇంకొకరు ముఖం తిప్పుకుంటారట.

అతను వెళ్ళాక మా మేడమ్‌ని అడిగాను, మీ దేశానికి ఇలాంటి టీమ్ ఉందా అని. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఆవిడకు తెలియదు. రిసెప్షన్‌లో అమ్మాయికి తెలియదు. మోకాలి నొప్పితో వచ్చే ఒక స్కూల్ పీటీ సారు ఉండేవాడు, ఆయనకూ తెలియదు. జర్మన్ సరిగ్గా రాని మనిషి, జర్మనీలో ఎవరికీ తెలియని ఆటలో, జర్మనీ తరఫున ఆడుతున్నానంటున్నాడు. కోతలు కోస్తున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. మా ఆయన నెట్‌లో వెతికి, "ఉంది, ఇదిగో ఫొటో కూడా ఉంది. వెనక వరసలో నిలబడ్డది నీ పేషెంటే అయ్యుంటాడు, పక్కవాణ్ణి కనబడకుండా చేశాడు" అన్నాడు.

అప్పట్నుంచి నాకు ఆసక్తి పట్టుకుంది. భుజానికి వ్యాయామం చేయించేటప్పుడు ఎలాగూ మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే పేషెంటు నొప్పి మీదే ధ్యాస పెడతాడు. నేను ప్రశ్నలు అడిగేదాన్ని, అతను చెప్పేవాడు. మేం మాట్లాడుకుంది ఇంగ్లీషులో కాబట్టి మీరా, నువ్వా అన్న బెడద లేదు. తెలుగులో రాస్తుంటే మాత్రం నాకు అతన్ని "నువ్వు" అనాలనే ఉంది.

వాళ్ళ నానమ్మ ఇక్కడికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో పుట్టి, పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళిపోయిందట. వాళ్ళు స్థిరపడింది బొగ్గు గనుల ఊళ్ళో. అక్కడ పిల్లలు నడక రాగానే ఆడేది ఈ ఆటే. ఇతనూ ఆడాడు. పెద్ద క్లబ్బు కుర్రాళ్ళ జట్టులో చోటు దొరికింది. పంతొమ్మిదో ఏట పిలిచి, "బాగా ఆడతావు, బాగా ఓర్చుకుంటావు, కానీ వేగం చాలదు" అని పంపేశారు.

"ఏడ్చావా?" అని అడిగాను.

"బస్టాండులో. అక్కడ ఎవరూ తెలిసినవాళ్ళు లేరు."

కొన్నేళ్ళకు ఎవరో ఫోన్ చేశారట. తాతయ్యో నానమ్మో పుట్టిన దేశానికి కూడా ఆడొచ్చు, మాకు మనుషులు చాలడం లేదు, వస్తావా అని. ఒక్క మ్యాచ్ కోసమని వచ్చాడు. మొదటిసారి జట్టు చొక్కా వేసుకుని దేశగీతం పాడేటప్పుడు మాటలు రాక పెదవులు కదిపాడట. తర్వాత నానమ్మకు ఫోన్ చేసి నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళలేదు. పగలు సామాన్లు మోయడం, సాయంత్రం ప్రాక్టీసు. జీతం లేదు, గుర్తింపు లేదు, ఫుట్‌బాల్ క్లబ్బుల దగ్గర గ్రౌండ్ అడుక్కుని ఆడటం.

ఆట నాకు అర్థం కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి పడేస్తారు. పడ్డవాడు లేచి బంతిని కాలికింద వెనక్కి దొర్లించి మళ్ళీ ఆట మొదలెడతాడు. ఆరుసార్లు అలా పట్టుబడితే బంతి అవతలివాళ్ళకు ఇచ్చెయ్యాలి. ఈలోగా అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, అంటే మన గోల్ లాంటిది.

"మా దగ్గర చెడుగుడు అని ఉంది" అని చెప్పాను. "ఒకడు కూత పెట్టుకుంటూ అవతలి బరిలోకి వెళ్తాడు. అందరూ కలిసి పట్టుకుంటారు. అయినా గీత దాకా పాకి ముట్టుకోవాలి."

"కూత ఎందుకు?"

"ఊపిరి తీసుకోలేదని తెలియడానికి."

బల్ల మీద పడుకున్నవాడు పడుకున్నట్టే తల నావైపు తిప్పాడు. "మీవాళ్ళు మాకంటే పిచ్చోళ్ళు" అన్నాడు. ఆ మాటలో ఎంతో గౌరవం ఉంది.

ఎండాకాలానికి భుజం చాలావరకు దారిలో పడింది. చీటీలో రాసిన వారాలు అయిపోయాయి, వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చింది తర్వాతి ఏడాది వసంతంలో. మధ్యలో చలికాలంలో కోవిడ్ వచ్చి పడుకున్నాడట. భుజం మళ్ళీ బిగుసుకుంది, డాక్టరు కొత్త చీటీ రాశాడు. ఈసారి మనిషి తేడాగా ఉన్నాడు. పోయినసారి నేర్పిన వ్యాయామాలు ఒక్కటీ గుర్తులేవు. పడుకోబెట్టి లేపితే బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కిటికీ వెలుతురు పడకుండా తల పక్కకు తిప్పుకునేవాడు.

"కోవిడ్" అన్నాడు. వాళ్ళ డాక్టరూ అదే అన్నాడట. మా మేడమ్ కూడా అదే అంది. ఆ రోజుల్లో ఏ పేషెంటు ఏం మర్చిపోయినా, ఎవరికి కళ్ళు తిరిగినా కోవిడ్ తర్వాతి లక్షణమే. చాలామందికి నిజంగానే ఉండేది కూడా. నేనూ అలాగే అనుకుని కొన్ని వారాలు మామూలుగా చూశాను.

కానీ ఒకటి నాకు కుదరలేదు. కోవిడ్ తర్వాత మతిమరుపు వచ్చినవాళ్ళు మా దగ్గర ఇంకా కొందరుండేవారు. వాళ్ళు దాని గురించే మాట్లాడేవాళ్ళు. ఒక టీచరమ్మ అయితే, పిల్లల పేర్లు మర్చిపోతున్నానని ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అది వాళ్ళకు కొత్త కష్టం. ఇతను మాత్రం బాధపడేవాడు కాదు, సర్దుకునేవాడు. నేను చెప్పిన వ్యాయామం ముంజేతి మీద పెన్నుతో రాసుకునేవాడు. గదిలోకి రాగానే కోటు ఎక్కడ తగిలించాడో ఫొటో తీసుకునేవాడు. వెళ్ళేముందు తర్వాతి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎప్పుడో అడిగి, తన ఫోన్‌కే తను వాయిస్ మెసేజ్ పెట్టుకునేవాడు. ఇదంతా ఆలోచించకుండా చేసేవాడు, మనం చెప్పులు విడిచినంత అలవాటుగా. కొన్ని నెలల కిందట మొదలైన అలవాట్లలా లేవవి. పోయిన ఏడాదీ కోటు ఫొటో తీసుకునేవాడు, అప్పుడు నేనే పట్టించుకోలేదు.

"చేతి మీద రాసుకోవడం ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"ఎప్పట్నుంచో."

"ఎప్పట్నుంచి?"

"ఆ మ్యాచ్ తర్వాత్నుంచి అనుకుంటా. నేను ట్రై వేసిన మ్యాచ్."

జర్మనీకి ఆడినన్నాళ్ళలో అతను వేసింది ఆ ఒక్క ట్రై. అతను ముందు వరసలో గుద్దుకునే రకం, గీత దాటేవాడు కాదు. ఆ ట్రై గురించి నాకు ఇదివరకే రెండు మూడుసార్లు చెప్పాడు. కాబట్టి నేను గర్వంగా, "ఆ ట్రై నేను చూశాను" అన్నాను.

తల ఎత్తాడు. "ఎక్కడ?"

లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఏం తోచక ఎవరెవరో పాత వీడియోలు నెట్‌లో పెట్టారు కదా, అలా అవతలి జట్టు తాలూకు ఎవరో ఆ మ్యాచ్ మొత్తం పెట్టారు. కామెంటరీ లేదు. ఒకే కెమెరా, గాలి చప్పుడు, మధ్యమధ్య ఒక కుక్క. ఆట నేర్చుకుందామని నేను ఇంట్లో కూర చేసుకుంటూ అది చాలాసార్లు చూశాను. అతనికి అలాంటిది ఉందనే తెలియదు.

భుజం మీద ఐస్ ప్యాక్ పెట్టి, నా ఫోన్ బల్ల మీద నిలబెట్టాను. ఇద్దరం చూశాం.

మొదటి సగమంతా అతను గలగలా మాట్లాడాడు. ఏం జరగబోతోందో ముందే చెప్పేవాడు. ఇప్పుడు వీడు బంతి జారవిడుస్తాడు, ఇప్పుడు వాడు నా కాలు తొక్కుతాడు, ఇక్కడ రిఫరీని నేనో మాట అన్నాను, ఆయనకు వినబడలేదు. అన్నీ చెప్పినట్టే జరిగాయి. విరామానికి కాస్త ముందు అతను ఒకణ్ణి పట్టబోయి వంగాడు, అవతలివాడి తుంటి వచ్చి కణతకు తగిలింది. పడ్డాడు. కాసేపటికి లేచాడు. ఆట సాగింది.

అక్కడ అతని మాట ఆగిపోయింది.

రెండో సగంలో ఒక్కటి కూడా ముందే చెప్పలేదు. ముందుకు వంగి, కొత్త సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు. ట్రై వచ్చింది. ఇద్దరు మీద వేలాడుతుంటే వాళ్ళనీ ఈడ్చుకుంటూ వెళ్ళి గోల్ స్తంభం పక్కనే బంతి ఆనించాడు. అందరూ వచ్చి మీద పడ్డారు. తర్వాత లేచి, తమవాళ్ళు వెళ్ళే వైపు కాకుండా అవతలి జట్టు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఒకతను పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఇంట్లో చూసినప్పుడు నేను అది సరదాకి చేశాడనుకుని నవ్వాను.

"మళ్ళీ వెయ్యండి" అన్నాడు.

వేశాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వేశాను.

"నేను ఎడమవైపు మూల వేశాను" అన్నాడు. "నాకు గుర్తున్నది మూలన. పక్కన జెండా ఉంది."

వీడియోలో జెండా లేదు. మూల లేదు. ఫోన్ నా చేతికిచ్చి తనే చెప్పాడు: "బస్సులో అందరూ చెప్తుంటే విన్నాను. విన్నదాన్నిబట్టి నేనే కట్టుకున్నానేమో. నా జీవితంలో అన్నింటికంటే మంచి రోజు ఇదే. ఇందులో నేను లేను."

నేను ఐస్ ప్యాక్ తీసేశాను. అది ఎప్పుడో కరిగిపోయింది.

ఇంకెన్నిసార్లు ఇలా అయిందని అడిగాను. చొక్కా తొడుక్కుంటూ, "భుజం బాగైనట్టేనా?" అన్నాడు.

"భుజం బాగుంది."

"అదే రాయండి. శరత్కాలంలో మ్యాచ్ ఉంది. ఆటలకు అనుమతి ఇచ్చేశారు. నన్ను కెప్టెన్ చేశారు. గ్రౌండ్ మా నానమ్మ పుట్టిన ఊరి పక్కనే."

"కళ్ళు తిరగడం గురించి?"

"అది కోవిడ్. డాక్టరే అన్నాడు."

"నువ్వు డాక్టరుకు ఈ మ్యాచ్ సంగతి చెప్పావా?"

చెప్పలేదు. చెప్పనని కూడా అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నేను మా మేడమ్‌ని అడిగాను. ఆవిడ తలుపు వేసి మరీ మాట్లాడింది. "మనకు చీటీ ఇచ్చింది భుజానికి. తలకు రోగం ఉందో లేదో చెప్పే అధికారం మనకు లేదు. వాళ్ళ కోచ్‌కి ఫోన్ చేశారంటే మీ లైసెన్సు పోతుంది, నా సెంటర్ పోతుంది. పేషెంటు సంగతి గడప దాటకూడదు." చీటీ తీసి చూపిస్తూ, "కానీ డాక్టరుకు రిపోర్టు పంపమని చీటీలో ఉంది. అందులో మీరు కళ్ళారా చూసింది రాయొచ్చు. అనుకున్నది రాయకూడదు" అంది. మాట కరుకని చెప్పాను కదా. ఇన్నేళ్ళలో నాకు దొరికిన మంచి సలహాల్లో సగం ఆ కరుకు మాటలే.

రాశాను. లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి, వెలుతురు పడటం లేదు, నేర్పింది గుర్తుండటం లేదు, ఆ మరుపు కోవిడ్‌కు ముందు నుంచే ఉన్నట్టు, ఆటలో తలకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి మొదలైనట్టు పేషెంటే చెప్పాడు. పంపేముందు అతనికి చదివి వినిపించాను. దొంగచాటుగా పంపడం నాకు ఇష్టం లేదు.

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. కోటు వేసుకుని, "మీరు నా భుజం బాగుచేశారు. చాలా థాంక్స్. తల మీది కాదు" అన్నాడు. మిగతా టెర్మిన్లు ఆ సాయంత్రమే రద్దు చేసుకున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. డాక్టరు దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండు వారాలు ఆగి, రిపోర్టు అందిందా అని ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "టీకాల పనిలో తల ఎత్తే తీరిక లేదండీ, వచ్చిన కాగితాలన్నీ పెట్టెలో ఉన్నాయి" అంది. ఆ పెట్టె ఎంత లోతో ఆ అమ్మాయీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నరాల డాక్టరు దగ్గర టెర్మిన్ అంటే మీకు తెలిసిందే, ఇవాళ అడిగితే చలికాలంలో ఇస్తారు. అంటే మ్యాచ్ నాటికి అతన్ని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. నేను రాసింది సత్యమే, పంపింది సరైన చోటికే, దాంతో జరిగింది మాత్రం ఏమీ లేదు.

ఇంట్లో నేను గిన్నెలు గట్టిగా పెడుతున్నానని మా ఆయన కనిపెట్టాడు. పేషెంటు రోగం సంగతి ఇంట్లో చెప్పకూడదు, చెప్పలేదు. "ఆ ఆట దగ్గర్లోనే జరుగుతుందట. చూడాలని ఉంది" అని మాత్రం అన్నాను.

"నీ కోసం నేను క్రికెట్టే మానుకున్నా. పోదాం పా" అన్నాడు.

అతను ఆడుతుంటే చూడాలని వెళ్ళానా, ఆడకుండా ఉంటాడేమో చూడాలని వెళ్ళానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. రెండూ కాదేమో. ఏం చేస్తాడో తెలుసుకోకుండా ఉండలేకపోయాను, అంతే.

ఊరి చివర ఒక చిన్న గ్రౌండ్. గేటు దగ్గర టీకా సర్టిఫికెట్ చూసి లోపలికి పంపారు. మెట్లూ గ్యాలరీలూ లేవు, గ్రౌండ్ చుట్టూ తాడు కట్టారు, తాడు వెంట జనం. ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళు, పక్క ఊరి వాళ్ళు, దారిన పోతూ ఆగినవాళ్ళు. మా ఆయన బండి దగ్గర ఫ్రైస్ పొట్లం కొనుక్కొచ్చాడు. రెండు జట్లూ వచ్చి నిలబడి దేశగీతాలు పాడాయి.

నేను జర్మనీ వరసలో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూశాను. ఏ మనిషో తెలియలేదు. అప్పుడు తట్టింది, ఇన్ని నెలలు చూసింది కళ్ళూ, నుదురూ, భుజమూ. మాస్కు లేకుండా అతన్ని నేనెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు, వీడియోలో ముఖాలు చుక్కలంత. అందరూ ఒకేలా ఉన్నారు, మెడలు లేని మనుషులు.

"అటు కాదు, ఇటు" అని పక్కనుంచి వినబడింది.

తాడుకు అవతల, చేతిలో నీళ్ళ సీసాల బుట్టతో, నారింజ రంగు బనీనులో ఉన్నాడు. గొంతు పోల్చుకున్నాను, ముఖం పోల్చుకోలేకపోయాను. నేను ఊహించుకున్నదానికంటే ముసలి ముఖం. ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉంది, దానివల్ల నవ్వు చిన్నపిల్లాడిలా ఉంది.

"ఆడటం లేదా?" అన్నాను.

"విరామంలో వస్తాను" అని లోపలికి పరిగెత్తాడు.

విరామంలో వచ్చి తాడు పక్కన గడ్డిలో కూర్చున్నాడు. మా ఆయన పొట్లం చాపితే నాలుగు తీసుకున్నాడు. నేను ఉండబట్టలేక, "నా రిపోర్టు చూసి డాక్టరు ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏ రిపోర్టు?" అని, నా ముఖం చూసి, "ఓ, అదా. డాక్టరు నాకేం చెప్పలేదు. చదివుండడు. నరాల డాక్టరు టెర్మిన్ డిసెంబర్లో ఉంది, అది నేనే అడిగి తీసుకున్నా" అన్నాడు.

మరి ఎందుకు మానేశావని అడిగాను.

వీడియోలో తన భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పినతనికి ఫోన్ చేశాడట. జట్టులో అందరికంటే దగ్గరి స్నేహితుడు. "ఆ రోజు నేను సరిగ్గా లేనని నీకు తెలుసా?" అని అడిగాడట.

"ముందు మాట మార్చబోయాడు. తర్వాత చెప్పాడు. 'స్కోరెంత, స్కోరెంత అని అడుగుతూనే ఉన్నావు. చెప్తే సరే అనేవాడివి, నిమిషంలో మళ్ళీ అడిగేవాడివి. బస్సులో అందరం నిన్ను అనుకరిస్తూ వచ్చాం. నువ్వు కూడా నవ్వావు.' అని చెప్పి ఏడవడం మొదలుపెట్టాడు. ఆరడుగుల మనిషి. వాడికి తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది. ఇక నేను గ్రౌండ్‌లోకి దిగితే వాడు బంతి చూస్తాడా, నన్ను చూస్తాడా?" గడ్డి పీకుతూ అన్నాడు. "మర్నాడు కోచ్‌కి చెప్పేశాను. మా నానమ్మకు చెప్పడానికి ఇంకో వారం పట్టింది."

"ఏమంది?"

"ఆ ఆట తనకు మొదట్నుంచీ నచ్చదంది. ఇన్నేళ్ళూ నా కోసం చూసిందట."

నా మీద ఇంకా కోపం ఉందా అని అడుగుదామనుకున్నాను. ఈలోగా ఈల వేశారు, బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. జట్టుతో ఉండాలనుకుంటే ఏదో ఒక పని కావాలి కదా, ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేసి ఈ పనిలో చేరాడని తర్వాత మా మేడమ్‌కి ఎవరో చెప్తే తెలిసింది. డిసెంబర్లో నరాల డాక్టరు చూశాడు. కళ్ళు తిరగడానికి వ్యాయామాలు రాసిస్తే మళ్ళీ మా సెంటర్‌కే వచ్చాడు, ఈసారి చీటీ తలకే. కళ్ళు తిరగడం చాలావరకు తగ్గింది. పోయిన జ్ఞాపకాలు మాత్రం రాలేదు, రావని వాళ్ళు ముందే చెప్పారు. అదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు రెండో సగంలో, మేమున్న వైపే, తాడుకు బాగా దగ్గర్లో ఒక గుద్దుకోవడం జరిగింది. జర్మనీ కుర్రాడొకడు, ఇరవై రెండో మూడో ఉంటాయి, కింద పడి చప్పున లేచాడు. లేచి నిలబడ్డాడు కూడా. చూసేవాళ్ళకు ఏమీ కానట్టే ఉంది. కానీ సీసాల మనిషి అప్పటికే పరిగెత్తుతున్నాడు. వెళ్ళి కుర్రాడి ముందు నిలబడి, రెండు చేతులతో ముఖం పట్టుకుని కళ్ళలోకి చూశాడు.

"బాగానే ఉన్నా" అని కుర్రాడు జర్మన్‌లో అన్నాడు. మాకు స్పష్టంగా వినబడింది. "వదులు. బాగానే ఉన్నా."

"అయితే స్కోరెంత?"

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. అంత చిన్న గ్రౌండ్‌లో స్కోరు బోర్డు లేదు. అతని చూపు మెల్లగా తాడు వెంట నిలబడ్డ మా మీదికి వచ్చింది. ఒక్కొక్కరి ముఖం వెతికాడు, పరీక్షలో పక్కవాడి కాగితం చూసినట్టు. మా ఆయన జాలి గుండె మనిషి, చెప్పేద్దామని నోరు తెరిచాడు. నేను ఆయన ముంజేయి గట్టిగా పట్టుకున్నాను. తాడు పొడవునా ఒక్కరూ పెదవి విప్పలేదు.

సీసాల మనిషి చెయ్యి పైకెత్తి ఆట ఆపించాడు. కుర్రాడు కాసేపు పెనుగులాడి, నోట్లోంచి పళ్ళ గార్డు తీసి అతని చేతిలో పెట్టి, తాడు దాటి వచ్చి మా పక్కనే గడ్డి మీద కూలబడ్డాడు. అంబులెన్సు దగ్గర్నుంచి నర్సు బయల్దేరింది, గ్రౌండ్ చుట్టూ తిరిగి రావాలి. ఆట మళ్ళీ మొదలైంది.

కుర్రాడు కొంతసేపు చూసి, తల తిప్పి మా ఆయన్ని మర్యాదగా అడిగాడు: "మనం గెలుస్తున్నామా అండీ?"

మా ఆయన అతనికి ఫ్రైస్ పొట్లం అందించాడు.